ఎర్ర అట్ట మీద చైనా అక్షరాలు

మీకు తెలియని భాషలో, మీరెన్నడూ చూడని వాద్యాలతో ఎవరో సంగీతం వినిపిస్తున్నారనుకోండి. మీ నోట మొదట వచ్చే ప్రశ్న ఏది? అందులో ఏముందని అడుగుతారా, అది ఎవరి పక్షమని అడుగుతారా? జవాబు తొందరపడి చెప్పకండి. కాలేజీలో చదివిన రోజుల్లో ఏ ప్రతిపాదన ఇచ్చినా దానికి అనుకూలంగానూ, మరుక్షణమే ప్రతికూలంగానూ తడుముకోకుండా వాదించిన దాన్ని నేను. ఈ ఒక్క ప్రశ్నను మాత్రం ఇప్పటికీ వాదనకు పెట్టను. అది ఎవరి పక్షమని మా నాన్నను ఒకే వేసవిలో ఇద్దరు అడిగారు. ఇద్దరి దగ్గరా తుపాకులున్నాయి.

పోయిన నెలలో, ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో కూర్చుని, ఫోనులో ఒక సింఫొనీ విన్నాను. ఆ స్వరకర్త చైనాలో పుట్టినవాడు, ఇప్పటికీ సజీవంగా ఉండి సంగీతం రాస్తున్నవాడు. పేరు పలకడం నాకు సరిగా రాదు. ఎన్నో వయొలిన్లు ఒక్కసారిగా లేచి ఆగిపోయాక, ఆ నిశ్శబ్దంలో రాయి మీద రాయి పడిన చప్పుడు వచ్చింది. గోంగూర తుంచుతున్న నాన్న లేచాడు. కిటికీ రెక్కలు మూశాడు. వీధి తలుపుకు గడియ పెట్టాడు. మళ్లీ వచ్చి పీట మీద కూర్చుని, ఏమీ జరగనట్టు గోంగూర తుంచసాగాడు. బయట ఎండ మండుతోంది, షేర్ ఆటోలు మోతగా పోతున్నాయి, మా వీధిలో ఎవరి ఇంట్లో ఏ పాట మోగుతోందో అడిగే నాథుడు లేడు. అమ్మ నా వైపు చూసి, కట్టెయ్యమన్నట్టు చెయ్యి ఊపింది.

మాది ముదిగొండ దగ్గరి పల్లె. కాని నా ఇంటర్, డిగ్రీ చదువుల కాలమంతా మా ఇల్లు భద్రాచలం దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద, ఒక మిషన్ హాస్టల్ ఆవరణలో ఉండేది. ఆ ఊరి పేరు రాయను. అప్పటి మనుషులు కొందరు ఇంకా అక్కడే బతుకుతున్నారు. నాన్న ఆ హాస్టల్ వార్డెన్. చుట్టుపక్కల గూడేల కోయ పిల్లలు అక్కడ ఉండి చదువుకునేవారు. ఆదివారం పూట నాన్న చర్చిలో, మా మాటలో గుడిలో, హార్మోనియం వాయించి పాటల బృందాన్ని నడిపేవాడు. అమ్మ మిషన్ దవాఖానాలో నర్సు. నాయనమ్మ మాతోనే ఉండేది. నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ, సెలవులకు ఎర్రబస్సెక్కి ఇల్లు చేరేదాన్ని. బస్సు దిగగానే వచ్చే వాసనే నాకు సెలవు. పెద్ద డేగిశాల్లో ఉడికే అన్నం గంజి, తడి కట్టెల పొగ, వేసవి మొదలయ్యే వేళకు ప్రతి వాకిట్లోనూ ఎండబెట్టిన ఇప్పపువ్వు. ఇప్పపువ్వు వాసన తియ్యగా మొదలై, మధ్యాహ్నానికి తల తిరిగేలా చేసేది. నాయనమ్మ బుగ్గన పొగాకు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, ప్రార్థనను కూడా తగవులాగే చేసేది. "నిన్న గంతగనం మొత్తుకున్న, ఇనవడలేదా తండ్రీ? ఇయ్యాలన్న చెవు పెట్టు" అనేది పైకి చూసి. దేవుడు పక్కింటి బద్ధకస్తుడన్నట్టుండేది ఆ పిలుపు.

ఆ ఊళ్లో భయం ఇంటి పనుల్లో కలిసిపోయి ఉండేది. అడవిలో తుపాకులు పట్టినవాళ్లు వేసుకునే రంగని అమ్మ ముదురు ఆకుపచ్చ బట్టలు దండెం మీద ఆరవేసేది కాదు. నాన్న పాత ప్యాంటు ఒకటి ఆ రంగుదేనని కత్తిరించి మసిగుడ్డలు చేసింది. కుక్కలు మొరిగితే ఎవరొచ్చారని ఎవరూ అడిగేవారు కారు. హాస్టల్‌కు బియ్యం బస్తాలు దిగిన రోజున, తినేది ఎంతమంది, అడవికి పోయేది ఎంత అంటూ పోలీస్ స్టేషన్ నుంచి ఎవరో ఒకరు వచ్చి పిల్లల తలలు లెక్కపెట్టి పోయేవారు. ఆ మర్నాడు ఇంకెవరో, ఊరివాడిలాగే కనిపించే మనిషి, నిన్న పోలీసులెందుకొచ్చారని నవ్వుతూ అడిగేవాడు. అడవిలోని నక్సలైట్ దళాలను ఊళ్లో అన్నలనేవారు. అన్నలకు పోలీసుల మీద, పోలీసులకు అన్నల మీద ఉన్న అనుమానమంతా మధ్యలో ఉన్న మా బోటి ఇళ్ల మీద వాలేది. పోలీసులు పట్టుకుపోయి కొట్టిన మనిషిని అన్నలు నమ్మేవారు. పట్టుకుపోయి మర్యాదగా పంపించిన మనిషిని నమ్మేవారు కాదు. వాడేదో చెప్పి ఉంటాడు, లేకుంటే ఎందుకు వదులుతారని లెక్క. ఇన్‌ఫార్మర్ అన్న మాట ఒకసారి పేరుకు అంటుకుంటే ఆ మనిషి ఎక్కువ రోజులు ఉండేవాడు కాదు. ఈ లెక్క మా ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు.

అలాంటి ఇంట్లోకి ఆ టేపు వచ్చింది. బదిలీ మీద కేరళకు తిరిగిపోతున్న మా గుడి ఫాదర్ గారు, విదేశాల్లో చదువుకున్న రోజుల్లో కొనుక్కున్న క్యాసెట్టును నాన్నకు ఇచ్చి పోయాడు. ఎర్రటి అట్ట, దాని మీద నల్లటి చైనా అక్షరాలు. "ఈ సంగీతకారుడు ఇంకా బతికే ఉన్నాడు మాస్టారూ, నా వయసువాడే" అన్నాడట. నాన్నకు అదే పెద్ద వింత. అంత పెద్ద వాద్యబృందానికి సంగీతం రాసినవాళ్లందరూ జుట్టుకు పౌడరు వేసుకున్న, ఎప్పుడో పోయిన తెల్లదొరలని ఆయన అనుకునేవాడు. ఈయన చిన్నప్పుడు తన పల్లెలో ఎవరైనా పోతే జరిగే తంతు చూశాడట. అక్కడ రాళ్లు కొట్టేవారట, గిన్నెలో నీళ్లు పోసేవారట. పెద్దయ్యాక ఆ రాళ్లనూ నీళ్లనూ తెచ్చి వయొలిన్ల నడుమ కూర్చోబెట్టాడట. నాన్న ప్రతి సాయంత్రం పిల్లల ప్రార్థన ముగిశాక టేప్‌రికార్డర్ ముందు కూర్చునేవాడు. ముందు మంద్రంగా, నేల కిందనుంచి వచ్చినట్టు తీగవాద్యాలు. అవి పెరిగి పెరిగి, గోదావరికి వరద తోసుకొచ్చినట్టు మీదకు వచ్చి, టక్కున ఆగేవి. అప్పుడు నీళ్ల చుక్క. మళ్లీ చుక్క. రాయి మీద రాయి. కాగితం నలిగిన చప్పుడు. చివర్లో ఎక్కడినుంచో మగవాళ్లు గుంపుగా అరిచేవారు. ఆ అరుపు దగ్గర నాన్న కళ్లు మూసుకునేవాడు, నాయనమ్మ సిలువ గుర్తు వేసుకునేది.

"గిదేం పాటరా, పీనుగ పాట!" అనేది.

"అవ్ అమ్మా, పీనుగ పాటనే. ఎంత మంచిగ ఏడ్సిన్రో ఇను" అనేవాడు నాన్న.

"మంచిగ ఏడ్సుడేంది? నేను సచ్చినంక నువ్వు మామూలుగ ఏడువు, సాలు."

ఆ ఏడాది గుడ్ ఫ్రైడేకు నాన్నకొక ఆలోచన వచ్చింది. మా సంప్రదాయంలో పవిత్ర గురువారం పూజలో మోగిన గంట ఈస్టర్ దాకా మళ్లీ మోగదు. ప్రభువు మరణించిన దినాన గంట బదులు చెక్కకు చెక్క తాటించి చప్పుడు చేస్తారు. మా గుడిలోని ఆ చెక్కను చెదలు తినేసింది. నాన్న గోదావరి ఒడ్డునుంచి నున్నటి రాళ్లు తెప్పించి, ఒక్కో పిల్లవాడి చేతికి జత చొప్పున ఇచ్చి, టేపులో ఉన్న వరసలో కొట్టడం నేర్పాడు. సాయంత్రాలు ఆవరణంతా ఆ చప్పుడే. నడుమ నడుమ టేపు. కరెంటు ఉండదు కనుక పెద్ద బ్యాటరీ సెల్లులు కావాలి, అవి తరచూ కొనాలి. ఇప్పుడు ఈ నాలుగింటినీ ఒకచోట పెట్టి చూడండి. చైనా అక్షరాల ఎర్ర అట్ట, మగవాళ్ల నినాదం లాంటి అరుపు, ఒకే తాళంలో రాళ్లు కొట్టే అడవిపిల్లలు, మందుపాతరలకూ పనికొచ్చే సెల్లులను అంగడిలో మాటిమాటికీ కొనే వార్డెన్. మాకు అది గుడ్ ఫ్రైడే ప్రార్థన, సిలువ మార్గం. వినేవాడికి అది శిక్షణ.

గుడ్ ఫ్రైడే మర్నాడు పొద్దున్నే ఒక కానిస్టేబుల్ వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. "వార్డెన్ సారూ, సీఐ సారు పిలుస్తుండు. ఆ టేపు, పెట్టె పట్టుకొని రమ్మన్నడు" అన్నాడు. నాన్న అంగీ తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. నేనూ వస్తానన్నాను. వద్దని ఎవరూ అనలేదు. ఆడపిల్ల వెంట ఉంటే చెయ్యి చేసుకోరని అమ్మ లోలోపల అనుకుని ఉంటుంది. గడప దాటుతుంటే నా మోచెయ్యి పట్టుకుంది. "పోతే పో. నోరు మాత్రం ఇంట్లనే పెట్టి పో."

ఇసుక బస్తాల మధ్యనుంచి స్టేషన్‌లోకి వెళ్లాం. సీఐ కోస్తా యాసవాడు. కేకలు వెయ్యలేదు, కూర్చోమనీ అనలేదు. "పాటలంటగా, మాకూ వినిపించు" అన్నాడు. నాన్న బల్ల మీద టేప్‌రికార్డర్ పెట్టి మీట నొక్కాడు. తుపాకులు భుజాలకు తగిలించుకున్న మనుషులు చుట్టూ నిలబడి ఒక సింఫొనీని మొదటినుంచి విన్నారు. నీళ్ల చుక్కలు వచ్చినప్పుడు ఒకడు "గిదేం పాట సార్, మా ఇంట్ల బోళ్లు తోమినట్టున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆ అరుపు వచ్చింది. నవ్వు ఆగింది. సీఐ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినిపించాడు.

"ఏమంటున్నారు వీళ్లు?"

"తెల్వది సార్."

"తెలీకుండానే రోజూ వింటున్నావా?"

"గుడిల లాటిన్ కీర్తన గూడ పాడుతం సార్. అది గూడ తెల్వది."

"లాటిన్‌వాళ్లు మా మీద మందుపాతర్లు పెట్టట్లేదయ్యా. ఇది ఎవరి తరఫు పాట? అది చెప్పు."

చాలా ఏళ్ల తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ అరుపులో మాటలే లేవట, ఉత్త గొంతు ధ్వనులట. ఆ పొద్దున ఈ సంగతి తెలిసి ఉంటే చెప్పేదాన్ని, చెప్పినా ఎవరూ నమ్మేవారు కారు. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే. సీఐ బల్ల మీదున్న టార్చి మీద కూడా అలాంటి చైనా అక్షరాలే ఉన్నాయి. ఆరోపించినవాడే రుజువు చెయ్యాలని కాలేజీ చర్చావేదిక మీద నాకు నేర్పారు. "సార్, ఈ అక్షరాలుండుడే తప్పయితే, మీ టార్చి మీద గూడ ఉన్నయి గద" అన్నాను. ఎవరో దగ్గు అణచుకున్నారు. సీఐ టార్చిని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, అక్షరాలు కిందికి వచ్చేలా బల్ల మీద పెట్టాడు. "ఏం చదువుతున్నావమ్మా? డిగ్రీనా? బాగా చదువుకో. ఇక్కడ మాత్రం అడిగేది మేమే" అన్నాడు. నాన్న పాదం నా పాదాన్ని నేలకేసి నొక్కింది. చర్చావేదిక మీద ఆ వాదనకు చప్పట్లు వచ్చేవి. ఆ గదిలో దాని బరువు మా నాన్న ఒంటి మీద పడుతుందని ఆ పాదం నాకు చెప్పింది.

తరువాత రాళ్ల సంగతి అడిగారు. నాన్న జేబులోంచి ఒక జత తీసి కొట్టి చూపించాడు. "గంట ఉండగా రాళ్లెందుకు?" అన్నాడు సీఐ. "దేవుడు సచ్చిన దినం మేం గంట కొట్టం సార్" అన్నాడు నాన్న. ఆ జవాబులో ఏముందో, సీఐ రాళ్లను నాన్ననే ఉంచుకోమన్నాడు. వరండాలో కుర్చీలు వేయించాడు. చాయ్ తెప్పించాడు. టేపు, రికార్డరు తన దగ్గరే ఉంటాయన్నాడు. "ఎండగా ఉంది, బండి మీద దింపిరా వీళ్లని" అని కానిస్టేబుల్‌కు చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నాన్న ముఖం చూస్తే నెత్తురు లేదు. గేటుకు ఎదురుగానే చాయ్ కొట్టు. దాని ముందు బస్సు కోసం నిలబడ్డ జనం, అడవినుంచి వచ్చినవాళ్లే సగం. చాయ్ గ్లాసు నాన్న చేతిలో ఉండడం వాళ్లందరూ చూస్తున్నారు.

కానిస్టేబుల్ బండి తీశాడు. నాన్న వెళ్లి అతని ముందు చేతులు జోడించాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. "తమ్మీ, నా బిడ్డ ముందట సిగ్గు ఇడిసి అడుగుతున్న. ఒక్క దెబ్బ కొట్టి పంపు. గిట్ల చాయ్ తాపి, బండెక్కించి దింపితే వారంల నా పీనుగ లేస్తది." అతను నాన్నను చూశాడు, గేటు అవతలి జనాన్ని చూశాడు. బండి ఆపేశాడు. నాన్న మెడ వెనక అంగీ పట్టుకుని గేటు దాకా ఈడ్చుకుపోయాడు. "ఇంకోపాలి గీ చైనా పాటలు పెట్టినవనుకో, కాళ్లిరగ్గొడ్త నీ యవ్వ! నడువ్!" అని ఊరంతా వినేలా అరిచి, రెండు చేతులతో తోశాడు. నాన్న కంకర మీద మోకాళ్లు కొట్టుకుని పడ్డాడు. చాయ్ కొట్టు ముందున్నవాళ్లు చూపు తిప్పుకున్నారు. నేను ఏడుస్తూ లేపబోతే, చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "ఏడ్వకు బిడ్డా. మంచి పని చేసిండు పిలగాడు."

ఇంటికి రాగానే నాయనమ్మ మోకాలు చూసింది. "రక్తమొచ్చిందా? నలుగురు చూసిన్రా?" అంది. చూశారన్నాను. "దేవునికి స్తోత్రం" అంది.

పిల్లలు వేసవి సెలవులకు గూడేలకు వెళ్లిపోయాక ఆవరణ ఖాళీ అయింది. ఎండుటాకు కదిలినా అందరం తలెత్తేవాళ్లం. బీడీల తునికాకు కోతలు సాగుతున్న ఒక మిట్టమధ్యాహ్నం, ఆకు కట్టలు నెత్తిన పెట్టుకుని ముగ్గురు మా వాకిట్లోకి వచ్చారు. కట్టలు దించాక గాని నడుముకు చుట్టిన గుడ్డ కింది తుపాకులు కనిపించలేదు. ముందున్నది ఒక ఆడమనిషి, నాకంటే రెండు మూడేళ్లే పెద్దదై ఉంటుంది. అమ్మ మంచినీళ్లిచ్చింది. ఆమె తాగి, చెంబు కింద పెట్టి, అడిగింది.

"ఆ చైనా టేపుల ఏమున్నదే సారూ?"

"రాళ్లు, నీళ్లు, ఏడుపు. గంతే అక్కా."

"మన పాటలేం లెవ్వా? మరి ఎవలి దిక్కు పాట అది?"

"తెల్వది."

"తెల్వకుంటనే పట్టుకపోయిన్రా? తెల్వకుంటనే ఇడిసిన్రా?"

స్టేషన్‌లో విన్న ప్రశ్నే. యాస మారింది, అంతే. నా నాలుక చివరన ఎన్ని జవాబులున్నాయో! అమ్మ వేళ్లు నా మణికట్టును బిగించి పట్టుకున్నాయి. నాన్న లేచి, అమ్మ బియ్యం కడిగే ఇత్తడి గిన్నె తెచ్చాడు. అందులో నీళ్లు పోసి, రాళ్లు చేతిలోకి తీసుకున్నాడు. చుక్క విడిచాడు. ఆగాడు. రాయి మీద రాయి. తీగవాద్యాల చోట గొంతులో సన్నగా రాగం తీశాడు. వరద రావలసిన చోట గిన్నె అంచును అరచేత్తో కొట్టాడు. తనను వదిలేయాలో, తీసుకుపోవాలో తేల్చబోయే మనుషుల ముందు మా నాన్న ఒక పరాయి ఊరి చావుపాటను ఇత్తడి గిన్నెతో వినిపించాడు. అయిపోయాక రాళ్లను గిన్నె పక్కన పెట్టాడు. ఆమె చూపు నాన్న మోకాలి మీది పుండు మీద ఆగింది.

"ఎవలు సచ్చిన్రు గీ పాటల?" అంది చివరికి.

"వాళ్ల ఊరోళ్లు ఎవలో."

ఆమె ఆకు కట్ట నెత్తికెత్తుకుంది. "గీడ ఉండకురి సారూ. నేనొక్కదాన్నే గాదు అడిగేది" అని చెప్పి, వెనక్కి చూడకుండా పోయింది.

వర్షాలు పడకముందే ఖమ్మం చేరాం. నాన్న ఒక బడిలో గుమాస్తాగా కుదిరాడు. ఖానాపురం హవేలిలో మొదట కిరాయికి ఉండి, తరువాత రెండు గదులు కట్టుకున్నాం. హార్మోనియం మీద గుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది. గుడిలో చివరి బెంచీలో కూర్చుని, అందరూ పాడుతుంటే పెదవులు కదిలించకుండా ఉండేవాడు. ఆ రోజుల భయం ఆయన గొంతు పట్టేసిందని ఇంట్లో అందరం అనుకున్నాం, అందుకే ఎవరమూ అడగలేదు. ఇప్పుడు నేను పిల్లలకు వాదించడం నేర్పుతున్నాను. ఏ పక్షమో బొమ్మా బొరుసూ వేసి తేలుస్తాం. ఇసుక బస్తాలు లేని ఈ ఊళ్లోనూ, చేతిలో ఫోను తప్ప ఏమీ లేని మనుషులు ఒక పాట పూర్తిగా వినకముందే అది ఎవరిదని అడగడం చూస్తున్నాను. అప్పుడు అడిగినవాళ్లకు ప్రాణభయమైనా ఉండేది. వీళ్లకేముంది?

గోంగూర తుంచిన ఆ రోజు, ఫోను కట్టేశాక, మొదటిసారి అడిగాను. "ఇప్పుడు ఎవరొస్తరు నాన్నా? ఇంకా భయమేనా?"

ఆయన చేతిలోని కాడను పక్కన పెట్టాడు. "తలుపేసుడు భయమే బిడ్డా, అది పోదు. పాడకపోవుడు భయం గాదు. నన్ను కొట్టుమని నేనే బతిమాలుకున్న గద. గా నోటితోని ఇగ ఏం పాడాలె?"

అందుకే మీకు వాదన వినిపించడం లేదు, ఒక పని అడుగుతున్నాను. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, ఒకప్పుడు పాడి మానేసినవారు, వాయించి పక్కన పెట్టేసినవారు ఎవరో ఒకరు ఉంటారు. కారణం మీకు తెలుసని అనుకోకండి. ఈ వారమే వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. ఎందుకు మానేశారని అడగండి, వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా మీరు నోరు తెరవకండి.